కామ విరిగిన గొడ్డలి, చిన్నాన్నకు చెప్పని నిజం

విజయనగరం జిల్లా గజపతినగరం దగ్గరి పల్లె నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వయసు 28. సచివాలయంలో చిన్న ఉద్యోగం. అమ్మానాన్న, భార్య, మూడేళ్ళ పాప, అందరూ ఒకే ఇంట్లో ఉంటారు. రెండేళ్ళ కిందట హైదరాబాద్‌లో స్నేహితుడి దగ్గరికి వెళ్ళినప్పుడు గొడ్డలి విసిరే ఆట ఆడారట. మొదటి పది విసుర్లూ కింద పడ్డాయి, పదకొండోది చెక్కలో దిగింది. "ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది" అని రాశారు. అప్పటి నుంచి సొంతంగా ఒక టొమాహాక్, అంటే ఒంటిచేత్తో విసిరే చిన్న గొడ్డలి, ఉండాలని కోరిక. చలికాలంలో స్నేహితులతో తాటిపూడి వైపు వెళ్ళి గుడారం వేసుకునే అలవాటు ఉంది కాబట్టి కట్టెలు చీల్చడానికీ, గుడారం మేకులు దిగ్గొట్టడానికీ కూడా అదే పనికిరావాలి. యంత్రం మీద చేసింది వద్దు, కొలిమిలో కాల్చి చేత్తో కొట్టిందే కావాలి. 3,000 రూపాయలు మించి పెట్టలేరు.

వాళ్ళ ఊళ్ళో కమ్మరి ఉన్నారు. నాన్నగారి ఈడు మనిషి, ఈయన చిన్నప్పటి నుంచి "చిన్నాన్నా" అని పిలుస్తారు. నిరుడు ఆయన చేత ఒక గొడ్డలి చేయించుకున్నారు. లారీ కమాను పట్టీ ముక్కతో చేసి, కామతో, అంటే కర్ర పిడితో కలిపి 900 తీసుకున్నారు. విసరడం మొదలుపెట్టిన మూడో రోజు కామ సరిగ్గా తల కిందనే విరిగింది. సంతలో మరో కామ కొని వేసుకుంటే అది రెండు రోజులు ఆగింది. అంచు కూడా ఒకచోట అర్ధచంద్రంలా పెచ్చు ఊడింది. గొడ్డలి ఇప్పుడు అటక మీద ఉంది. చిన్నాన్న కనిపించినప్పుడల్లా "ఏటి బాబూ, గొడ్డలి ఎలాగుంది?" అని అడుగుతారు. "బాగుంది చిన్నాన్నా" అని ఈయన తప్పించుకుంటున్నారు. ఏడాదిగా ఇదే వరస.

ఇప్పుడు ఆన్‌లైన్‌లో 2,400కి ఒకటి కనిపించింది. అమెరికాలో ఒక కమ్మరి చేసేది తెప్పించుకుంటే రవాణా, కస్టమ్స్ కలిపి 18,000 దాకా అవుతుందట, స్నేహితులు తలా కొంత వేస్తామంటున్నారు. నాన్నగారేమో "గవర్నమెంటు ఉద్యోగం చేసుకుంటూ గొడ్డళ్ళు విసరడమేంటి, కేసయితే నీ బతుకేం కావాలి" అని రోజూ గొడవ. భార్య నోరు విప్పి ఏమీ అనడం లేదు కానీ పాపను పెరట్లోకి రానివ్వడం మానేసింది. "ఏది కొనమంటారు? బయట కొంటే చిన్నాన్న చిన్నబుచ్చుకోరా? ఈ టెన్షన్‌లో అసలు ఈ సరదానే వదిలేయాలా?" అని అడిగారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఏది కొనాలి అని మొదటి వాక్యంలోనూ చివరి వాక్యంలోనూ అడిగారు కానీ, మధ్యలో రెండు పేజీలు నిండా ఉన్నది చిన్నాన్నే. ఆయన కొలిమిలో ఈ మధ్య నిప్పు వారానికోసారి కూడా రాజుకోవడం లేదని రాసిన చోట మీ చేతిరాత కూడా మారింది. అందుకని కొనే సంగతి కాసేపు పక్కన పెట్టి విరిగిన కామ దగ్గర మొదలుపెడతాను. నేను చాలా ఏళ్ళు ఐటీఐ కుర్రాళ్ళకు కొలిమి పని నేర్పినవాణ్ణి. విరిగిన పనిముట్టు చూస్తే అది ఎందుకు విరిగిందో తెలుసుకోకుండా ఉండలేను. మీ విషయంలో ఆ కారణం తెలిస్తే మిగతా చిక్కులు కూడా కొంత విడిపోతాయి.

మీరు పంపిన రెండో ఫోటోలో గొడ్డలి తల పైభాగం స్పష్టంగా ఉంది. కామను కింది నుంచి బెజ్జంలోకి దూర్చి, పైన కామ చీల్చి, అందులో ఇనుప చీల కొట్టారు. కట్టెలు కొట్టే గొడ్డలికి అది మంచి పద్ధతి. తల ఊడి ఎగిరిపడకూడదు కాబట్టి ఎంత బిగిస్తే అంత మేలు. విసిరే గొడ్డలి సంగతి వేరు. విసిరినప్పుడు ప్రతిసారీ అంచు చెక్కలో దిగదు. వీపు తగులుతుంది, కామ తగులుతుంది, పక్కవాటుగా తగిలి కింద పడుతుంది. ఆ దెబ్బ ఎక్కడికో ఒకచోటికి పోవాలి. తల చీలతో బిగుసుకుని ఉంటే ఆ అదురు అంతా తల కింద, కామ సన్నబడే చోట చేరుతుంది. మీ రెండు కామలూ విరిగింది అక్కడే. చిన్నాన్న ఇంకా గట్టి కర్ర వేసి ఉంటే ఇంకో వారం ఆగేది, తర్వాత అదీ విరిగేది.

టొమాహాక్ కామ దానికి ఉల్టా. టొమాహాక్ అన్నమాట ఉత్తర అమెరికా తూర్పు తీరంలోని అల్గాంక్వియన్ భాషల నుంచి వచ్చింది. మొదట్లో అక్కడివాళ్ళవి రాతి తలలు. యూరప్ వాళ్ళు వచ్చి వ్యాపారం మొదలుపెట్టాక ఇనప తలలు వచ్చాయి. వాటికి బెజ్జం గుండ్రంగానో కన్నీటి బొట్టు ఆకారంలోనో ఉంటుంది, పైన వెడల్పు, కింద ఇరుకు. కామ కూడా పై కొసన లావు, కిందికి వచ్చేకొద్దీ సన్నం. కామను పై నుంచి దూర్చి కిందికి లాగేస్తే తల పైకొచ్చి దానంతట అదే బిగుసుకుంటుంది. చీల ఉండదు, మేకు ఉండదు. దెబ్బ తప్పుగా తగిలితే తల కామ మీద కాస్త జారుతుంది, అదురు అక్కడితో సరి. గొడ్డలిని తలకిందులుగా పట్టుకుని కామ పై కొసను నేలకేసి రెండు దెబ్బలు కొడితే తల మళ్ళీ బిగుస్తుంది. కామ విరిగినా అయిదు నిమిషాల్లో మరొకటి దూర్చుకోవచ్చు. విసిరేవాళ్ళకు కామ అంటే సైకిల్ ట్యూబు లాంటిది, పోతుంటుంది, మార్చుకుంటుంటారు.

ఈ అమరిక మీకు కొత్తగా అనిపించిందేమో కానీ చిన్నాన్నకు కొత్త కాదు. పికాసు కామ ఎక్కించేది ఇలాగే. ఉపాధి పనుల కోసం ఆయన పికాసులు పదును పెట్టే ఉంటారు. కాబట్టి ఆయనకు రాని పని మీరు అడగడం లేదు. వచ్చిన పనినే ఇంకో పనిముట్టుకు చేయమని అడగాలి, అంతే. కిందటిసారి ఆ మాట అడగలేదు. "గొడ్డలి కావాలి చిన్నాన్నా" అన్నారని మీరే రాశారు, దేనికో చెప్పలేదు. ఆయన తనకు తెలిసిన మంచి గొడ్డలి చేసిచ్చారు.

అంచు పెచ్చూడిన సంగతి కూడా ఇలాంటిదే, కాకపోతే ఇక్కడ నాకు చిన్న అనుమానం ఉంది. కమాను పట్టీ మంచి ఉక్కు. దాన్ని ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లార్చితే బాగా గట్టిపడుతుంది, కానీ ఆ స్థితిలో గాజులా పెళుసుగా ఉంటుంది. మళ్ళీ మెల్లగా వేడి చేసి ఆ పెళుసుతనం తగ్గించాలి. అంచును ఆకురాయితో తెల్లగా రుద్ది వేడి చేస్తే రంగులు నడుస్తాయి. ముందు లేత గడ్డి రంగు, అది సుమారు 220 డిగ్రీల దగ్గర. తర్వాత గోధుమ రంగు, ఆపైన ఊదా, 300 దగ్గరికి వచ్చేసరికి నీలం. కత్తికి గడ్డి రంగు దగ్గర ఆపుతారు, పదును నిలబడుతుంది. విసిరే గొడ్డలికి నీలం దాకా పోనివ్వాలి. పదును త్వరగా మొద్దుబారినా పర్వాలేదు, దెబ్బకు వంగాలే కానీ పెచ్చు ఊడకూడదు. వంగిన అంచును ఆకురాయితో సరిచేసుకోవచ్చు. పెచ్చు ఊడితే ఆ లోతు మేరకు అంచంతా అరగదీయాలి.

నా అనుమానం చల్లార్చడం గురించి. కమాను పట్టీ ఉక్కు నూనెలో చల్లార్చాల్సిన రకం. నీళ్ళలో ముంచితే కంటికి కనపడని పగుళ్ళు పడే ప్రమాదం ఉంది. మన వైపు పాత కమ్మరులు చాలామంది కొడవలికైనా నాగలి కర్రుకైనా నీళ్ళే వాడతారు, వాళ్ళ చిన్నప్పటి ఇనుముకు అది సరిపోయేది. పెచ్చు ఊడిన చోట వెలుతురులో పట్టి చూడండి. పంచదార పలుకుల్లా మెరుస్తుంటే ఉక్కు మరీ ఎక్కువ కాలింది. సన్నగా, బూడిద రంగులో నున్నగా ఉంటే కాల్పు బాగానే ఉంది, అంచు మరీ గట్టిగా వదిలేశారన్నమాట. ఈ రెంటిలో ఏదో చూసి వెళ్తే చిన్నాన్నతో మాట్లాడటం తేలిక. చెడిపోయిందని చెప్పడానికి వెళ్ళినట్టు ఉండదు, ఇక్కడ ఇలా ఎందుకైందని అడగడానికి వెళ్ళినట్టు ఉంటుంది. పనిమంతుడికి ఆ రెండోది కష్టం కలిగించదు. పైగా ఇష్టం.

ఇక కొనడం. 18,000 పెట్టి తెప్పించుకునేది మంచి వస్తువే అయి ఉంటుంది, ఆ కమ్మరి పనితనాన్ని నేను కించపరచను. కానీ విసిరే గొడ్డలి బతుకు దెబ్బలు తినడమే. అంత డబ్బు పెట్టిన దాన్ని విసరడానికి మీకే చెయ్యి రాదు. స్నేహితుల డబ్బు కూడా అందులో ఉంటే, అది ఎవరి ఇంట్లో ఉండాలి, ఎవరు గీత పెట్టారు అనే మాటలు వస్తాయి. కస్టమ్స్ దగ్గర ఆగిపోయే ప్రమాదం వేరే ఉంది. ఆగితే డబ్బు కన్నా ముందు నాన్నగారి దగ్గర మీ మాట పోతుంది. వద్దనే అంటాను. డబ్బు సమస్య కానివాడు అడిగినా ఇదే చెప్పేవాణ్ణి.

ఇక్కడే ఒక మాట. విసరడానికి చేత్తో కొట్టిందే కావాలన్న నియమం ఏమీ లేదు. అమెరికాలో చాలామంది కొత్తవాళ్ళు మొదలుపెట్టేది కోల్డ్ స్టీల్ లాంటి కంపెనీల గొడ్డళ్ళతో. అవి అచ్చులో యంత్రపు సుత్తి కింద కొట్టిన 1055 రకం కార్బన్ ఉక్కు తలలు, హికరీ అనే గట్టి అమెరికా కర్ర కామలు, తల కదలకుండా ఒక చిన్న స్క్రూ. విసిరేవాళ్ళు మొదట చేసే పని ఆ స్క్రూ తీసేయడం, కారణం మీకు ఇప్పుడు తెలుసు. చేత్తో కొట్టింది కావాలన్న మీ కోరికను నేను తప్పుపట్టను, నాకూ అదే ఇష్టం. కానీ అది ఇష్టమని తెలిసి కోరుకోండి. అవసరమని అనుకుంటే 18,000 దాకా పోతారు.

2,400ది ఇంకో రకం చిక్కు. "హ్యాండ్ ఫోర్జ్డ్" అని రాయడానికి ఖర్చు లేదు. మీరు పంపిన ఫోటోల్లో బెజ్జం లోపల ఎలా ఉందో ఒక్కటి కూడా చూపలేదు. ఆ ఫోటో అడగండి. పైన వెడల్పు కింద ఇరుకుగా ఉందా, బెజ్జం పక్కన వెల్డింగు కణుపు ఉందా, తల బరువు విడిగా ఎంత, ఉక్కు ఏది, కాల్చి చల్లార్చారా, ఇవి రాతపూర్వకంగా చెప్పగలిగితే ఆలోచించవచ్చు. చెప్పలేకపోతే తలుపుకు అలంకారంగా తగిలించుకునే సరుకు అనుకోండి. తల మీద అలలు అలలుగా డిజైను ఉందని మురిసిపోకండి, ఆ డిజైనుకూ గొడ్డలి చెక్కలో దిగడానికీ సంబంధం లేదు. అంతా ఒకే లోహపు పలకగా కోసి, పట్టుకునే చోట రెండు ప్లాస్టిక్ బద్దలు స్క్రూలతో బిగించినవి ఉంటాయి. వాటి జోలికి అసలు పోవద్దు. విసిరితే స్క్రూలు ఊడతాయి, తగిలితే చేతికి అదురు, విరిగితే మార్చడానికి ఏమీ ఉండదు.

మూడోది చిన్నాన్న కొలిమి. దీనికి కమాను పట్టీ కన్నా సుళువైన దారి ఒకటి చెబుతాను. ఒక వైపు గుండ్రంగా బంతిలా, ఒక వైపు చదునుగా ఉండే ఫిట్టర్ సుత్తి ఉంటుంది కదా, మెకానిక్ షెడ్లలో బాల్ పిన్ సుత్తి అంటారు. పాతది, ఉక్కుతో కొట్టి చేసింది, 800 గ్రాముల నుంచి కిలో దాకా ఉన్నది తీసుకోండి. లారీలకు పేరుపడ్డ సాలూరు మీకు దగ్గరే, అక్కడి పాత ఇనప సామాన్ల కొట్లలో వెతికితే దొరక్కపోదు. దానికి బెజ్జం ఇప్పటికే ఉంది. చదును వైపును కాల్చి సాగగొట్టి అంచుగా వెడల్పు చేస్తారు, బెజ్జంలోకి కోసుగా ఉన్న ఇనప కడ్డీ దిగ్గొట్టి పైన వెడల్పు కింద ఇరుకు చేస్తారు. బంతి వైపు అలాగే ఉంచితే గుడారం మేకులకు సుత్తి దొరికినట్టే. చేత్తో టొమాహాక్‌లు చేసే వాళ్ళు ఎందరో ఈ పద్ధతిలోనే మొదలుపెడతారు. కమాను పట్టీతో అయితే ఇనప బద్దను మడిచి, మధ్యలో ఉక్కు ముక్క పెట్టి, రెంటినీ కొలిమిలో కలిసిపోయేలా అతకాలి. రెండు వందల ఏళ్ళ కిందట అక్కడి కమ్మరులూ అలాగే చేసేవారు. కానీ కమాను ఉక్కు అంత తేలిగ్గా అతుక్కోదు. పైకి బాగున్నట్టే ఉండి లోపల పొర విడిపోయి ఉంటుంది. ఈ వయసులో ఆయన్ను ఆ పరీక్షకు పెట్టకండి. ఒక జాగ్రత్త, తళతళలాడే పూత పూసిన సుత్తిని కొలిమిలో పెట్టనివ్వవద్దు. ఆ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు.

కొట్టడం, అరగదీయడం అయ్యాక తల 500 నుంచి 650 గ్రాముల మధ్య ఉండాలి. మీ మొదటి గొడ్డలి తల 900 గ్రాములని రాశారు, విసరడానికి అది ఎక్కువ, భుజం మీదా కామ మీదా కూడా భారమే. అంచు పొడవు మూడు అంగుళాలు. గట్టిపరచాల్సింది అంచు దగ్గర ఒక అంగుళం మేర మాత్రమే, బెజ్జం చుట్టూ మెత్తగా వదిలేయాలి, లేకపోతే పగులుతుంది. కామ 18 లేదా 19 అంగుళాలు, నిటారుగా, చివర బుడిపె లేకుండా. చేతిలోంచి జారి వెళ్ళాలి కదా. కర్రకు నల్లతుమ్మ వాడండి. సంత కామల్లో కర్ర నార అడ్డంగా పోయినవే ఎక్కువ. దుంగ కొని, నార ఈ కొస నుంచి ఆ కొస దాకా తిన్నగా ఉన్న వైపు వడ్రంగితో చీల్పించి, నాలుగు కామలు ఒకేసారి చేయించి నీడలో ఆరబెట్టుకోండి. మీ 3,000లో సుత్తి, బొగ్గు, కూలి, నాలుగు కామలు, తోలు తొడుగు అన్నీ వచ్చేయాలి. కూలి దగ్గర మాత్రం బేరం ఆడకండి.

ఇంతకీ ఒకే గొడ్డలి రెండు పనులకూ పనికొస్తుందా? పనికొస్తుంది, రెండింట్లోనూ కాస్త తగ్గి. విసిరేదానికి అంచు మెత్తగా, పదును మధ్యస్థంగా ఉండాలి. కట్టె చీల్చేదానికి అంచు గట్టిగా, పదునుగా ఉండాలి. నీలం దాకా పోనిచ్చిన అంచుతో ఎండు కట్టెలు చీలుతాయి, కానీ సాయంత్రానికి ఆకురాయి తీయాల్సి వస్తుంది. దానికి సిద్ధమైతే ఒకటే చాలు, మోసుకెళ్ళే బరువు తగ్గుతుంది. నా మనసు మాత్రం అటక మీదున్న గొడ్డలి వైపే పోతోంది. దాని అంచు గట్టిది, తల బరువుది, కామకు చీల బిగువుగా ఉంది. విసరడానికి తప్పు అయిన ఆ మూడు గుణాలూ క్యాంపు గొడ్డలికి కావలసినవే. పెచ్చు ఊడిన మేరకు అంచు అరగదీయించి, పగుళ్ళు లేవని చూసుకుని, మంచి కామ వేయిస్తే కట్టెలకు అది పదేళ్ళు వస్తుంది. విసరడానికి సుత్తితో చేసినది విడిగా ఉంచుకోవచ్చు. మీ డబ్బుకు రెండు గొడ్డళ్ళు అవుతాయి, మొదటిది వృథా పోలేదన్న మాట చిన్నాన్నతో నిజంగానే అనవచ్చు. ఇబ్బందల్లా రెండు వస్తువులు ఇంట్లో ఉంటాయి, అది నాన్నగారికీ మీ ఆవిడకీ నచ్చకపోవచ్చు.

నాన్నగారి భయాన్ని మీరు పాతకాలపు మాటగా తీసిపారేస్తున్నట్టు ఉత్తరంలో అనిపించింది. అలా తీసేయకండి, అందులో కొంత నిజం ఉంది. 1959 నాటి ఆయుధాల చట్టం కేవలం ఇంటి పనికో వ్యవసాయానికో తయారైన వస్తువులను ఆయుధాలుగా లెక్కించదు, అందుకే ఊళ్ళో ప్రతి ఇంట్లో గొడ్డలి ఉంది. కానీ అదే చట్టం కింది నిబంధనల్లో పదునైన ఆయుధాల జాబితాలో యుద్ధపు గొడ్డలి పేరు ఉంది. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో అలాంటివాటికి లైసెన్సు కావాలి. మీ చేతిలోది ఏ లెక్కలోకి వస్తుందో ఉత్తరంలో నేను తీర్పు చెప్పడం సరికాదు. ఫిట్టర్ సుత్తి నుంచి ఊరి కమ్మరి చేసిన చిన్న గొడ్డలికీ, యుద్ధం పేరు పెట్టి ఆన్‌లైన్‌లో అమ్మేదానికీ చూసేవాళ్ళ కళ్ళలో తేడా ఉంటుందని మాత్రం చెప్పగలను. నాన్నగారినే వెంటబెట్టుకుని స్టేషన్‌కు వెళ్ళి ఎస్సై గారిని అడగండి. ఆయన వద్దంటే ఆగిపోవాల్సి వస్తుంది, అది కూడా తెలిసే వెళ్ళండి. సరే అంటే నాన్నగారు ఆ మాట మీ నోటి నుంచి కాకుండా ఎస్సై గారి నోటి నుంచి వింటారు.

గొడ్డలి విసురుతూ వీడియోలు తీసి పెట్టడం మాత్రం పూర్తిగా మానేయండి. కత్తులు తిప్పుతూ రీల్స్ పెట్టి కేసుల్లో ఇరుక్కున్న కుర్రాళ్ళ వార్తలు మీరూ చూసే ఉంటారు. బండి మీద వెళ్ళేటప్పుడు తొడుగులో పెట్టి, సంచిలో అడుగున, గుడారంతో పాటు కట్టుకోండి. చెప్పులు కుట్టే ఆయన దగ్గర పాత తోలుతో తొడుగు కుట్టించుకోవచ్చు. రిజర్వు ఫారెస్టులో పచ్చి చెట్టు మీద దెబ్బ వేయకండి, అది నేరం. కట్టెలు ఊళ్ళోనే కొనుక్కుని వెళ్ళండి. తాటిపూడి సరే కానీ, ఎప్పుడైనా పార్వతీపురం దాటి కొమరాడ, గరుగుబిల్లి వైపు వెళ్దామని స్నేహితులంటే రాత్రి క్యాంపు వద్దనండి. అటు ఏనుగుల గుంపులు తిరుగుతుంటాయి.

మీ ఆవిడ గురించి మీరు ఉత్తరంలో ఒక్క వాక్యమే రాశారు, నాకు అన్నిటికన్నా బరువుగా అనిపించింది అదే. ఆమె గొడవ పడలేదు, పాపను పెరట్లోకి పంపడం మానేసింది. అంటే పెరడు పాపది కాకుండా పోయింది. నాకు ఒకసారి విసిరిన గొడ్డలి ఎండిపోయిన గట్టి దుంగకు తగిలి వెనక్కి ఎగిరి మోకాలి కింద తగిలింది. అంచు తగల్లేదు, కామ తగిలింది, అయినా నెల రోజులు కుంటుతూ నడిచాను. నేను నిలబడ్డ ఎత్తులో మూడేళ్ళ పిల్ల తల ఎక్కడుంటుందో ఆ రోజు రాత్రి ఆలోచించాను. కాబట్టి ఇంటి పెరట్లో వద్దు. మీకు కళ్ళం ఉందన్నారు, కోతలు, నూర్పిళ్ళు అయ్యాక అక్కడ పెట్టుకోండి. మామిడి లాంటి మెత్తని దుంగను అడ్డంగా అరడుగు మందం పలకలా కోయించి, కోసిన ముఖం మీ వైపు ఉండేలా నిలబెట్టండి, నారల మధ్యకు అంచు దిగుతుంది, వెనక్కి ఎగరడం తగ్గుతుంది. ఎండిపోతే నీళ్ళు చల్లి తడపండి. 12, 13 అడుగుల దూరంలో నిలబడితే గొడ్డలి గాల్లో ఒక చుట్టు తిరిగి దిగుతుంది. అక్కడి నుంచి అరడుగు ముందుకో వెనక్కో జరిగి మీ దూరం మీరే పట్టుకోవాలి. గట్టిగా విసరక్కర్లేదు, మణికట్టు తిప్పక్కర్లేదు. దుంగ వెనక మట్టి గట్టో గడ్డివామో ఉండాలి, మనుషులంతా మీ వెనకే ఉండాలి. ఇంటికొచ్చాక గొడ్డలి తాళం వేసిన పెట్టెలో పెట్టి, ఆ తాళం చెవి మీ ఆవిడ దగ్గర ఉంచండి. ఆమెను అడిగి ఉంచండి, ఆమె వద్దంటే ఎందుకో కూర్చుని వినండి.

సరదా వదిలేయాలా అని అడిగారు. వదిలేయడమూ ఒక దారే, నేను దాన్ని చిన్నచూపు చూడను. వదిలేస్తే ఇంట్లో శాంతి వెంటనే వస్తుంది. కానీ చిన్నాన్నకు చెప్పిన అబద్ధం అలాగే ఉంటుంది, ఆయన ఎదురైనప్పుడల్లా మీరు చూపు తిప్పుకుంటూనే ఉంటారు. బయట కొన్నా అంతే. పల్లెలో పార్సిల్ వచ్చిందంటే సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది. ఆయన మిమ్మల్ని ఏమీ అనరు, "గొడ్డలి ఎలాగుంది" అని అడగడం మానేస్తారు. ఇంకో సంగతి కూడా ఉంది. ఒకప్పుడు కమ్మరికి పంటల కాలంలో మేర, అంటే ఏడాది పనికి ప్రతిఫలంగా ధాన్యం, కొలిచి ఇచ్చేవాళ్ళు, మీ నాన్నగారి చేత్తోనూ కొలిచే ఉంటారు. ట్రాక్టర్లు వచ్చాక కర్రులు పోయాయి, మేర పోయింది. మీరు తీసుకెళ్ళే పని ఆయనకు ఈ ఏడాదిలో వచ్చే కొత్త పని అదొక్కటే కావచ్చు. అయితే జాలితో పని ఇస్తున్నట్టు మాత్రం వెళ్ళకండి, ఆయనకు తెలిసిపోతుంది. నిజంగా మీకు ఆ పని కావాలి, ఆయనకు ఆ పని వచ్చు, అంతవరకే.

వెళ్ళేటప్పుడు నాన్నగారిని రమ్మనండి, రాకపోతే ఒక్కరే వెళ్ళండి. కోతల ముందు కొడవళ్ళ పని ఉంటుంది, ఆ హడావుడి తగ్గాక, ఉదయం, కొలిమి రాజేసే వేళకు. విరిగిన రెండు కామలూ, పెచ్చూడిన గొడ్డలీ ఆయన ముందు పెట్టి "చిన్నాన్నా, ఇన్నాళ్ళూ బాగుందని అబద్ధం చెప్పాను. నేను దీన్ని విసురుతున్నాను, ఆ సంగతి నీకు చెప్పలేదు" అనండి. తర్వాత ఆయన మాట్లాడేదాకా ఆగండి. కోప్పడితే పడనివ్వండి, ఎక్కువసేపు ఉండదు. నూనె సంగతి, నీలం రంగు సంగతి మీరు నేర్పుతున్నట్టు చెప్పవద్దు. "నీళ్ళకు బదులు నూనె అయితే ఎలాగుంటుంది చిన్నాన్నా" అని అడిగితే ఆయనే చెబుతారు. బెజ్జం ఎలా ఉండాలో వివరించడానికి ఫోన్లో ఫోటోలు చూపించకండి, బొమ్మ గీసిన కాగితమూ వద్దు. మీ ఇంట్లో పికాసు ఉంటే తీసుకెళ్ళి, కామ ఊడదీసి చేతికివ్వండి.